పొయ్యి పొగలో గుండె జబ్బును చూసిన డాక్టరమ్మ

1950ల్లో ఢిల్లీ ఆసుపత్రులకు ఒక రకం రోగులు తరచుగా వచ్చేవారు. కాళ్లు నీరు పట్టి ఉండేవి. మెడ దగ్గర సిరలు ఉబ్బి కనిపించేవి. పెదవులు నీలంగా మారేవి. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. చాలామందికి ఏళ్ల తరబడి తగ్గని దగ్గు కూడా ఉండేది. ఊపిరితిత్తులు చెడి, ఆ భారం గుండె కుడివైపు మీద పడినప్పుడు వచ్చే జబ్బు ఇది. వైద్యులు దీన్ని 'కార్ పల్మొనాలే' అంటారు.

ఇంగ్లండులోనూ అమెరికాలోనూ రాసిన వైద్య గ్రంథాలు దీన్ని ప్రధానంగా పొగతాగే అలవాటున్న, వయసు మళ్లిన మగవారి జబ్బుగా చెప్పేవి. ఢిల్లీలో ఆ లెక్క కుదరలేదు. ఇక్కడ ఆడవారిలోనూ మగవారితో దాదాపు సమానంగా ఈ జబ్బు కనిపించింది. వారిలో ఎక్కువమంది జీవితంలో ఒక్కసారైనా బీడీ గానీ సిగరెట్టు గానీ ముట్టనివారు. మరి వారి ఊపిరితిత్తులు ఎందుకు పాడయ్యాయి?

ఈ ప్రశ్నను వదలకుండా పట్టుకున్న వైద్యురాలు డాక్టర్ శివరామకృష్ణ అయ్యర్ పద్మావతి. మన దేశంలో తొలి మహిళా కార్డియాలజిస్టుగా ఆమెకు పేరు. ఒక శతాబ్దానికి పైగా సాగిన ఆమె జీవితంలో ఎన్నో పదవులు, పురస్కారాలు ఉన్నాయి. వాటన్నిటికంటే ముందు చెప్పుకోవలసింది, రోగి ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టిన ఆమె ఆ రోగి వంటింటి గురించి కూడా ఆలోచించడం.

బర్మాలో పుట్టి, యుద్ధంలో ఇల్లు విడిచి

పద్మావతి 1917 జూన్ 20న బర్మాలోని మాగ్వే పట్టణంలో పుట్టారు. నేటి మయన్మార్ అప్పట్లో బ్రిటిష్ ఇండియాలో భాగం. దక్షిణాది నుంచి వ్యాపారాలకూ ఉద్యోగాలకూ వేల కుటుంబాలు అక్కడికి వెళ్లేవి. తెలుగువారు కూడా రంగూన్‌లో పెద్ద సంఖ్యలో ఉండేవారు. పద్మావతి తండ్రి అక్కడ న్యాయవాది, వారిది తమిళ కుటుంబం. ఆడపిల్లలకు పెద్ద చదువులు ఎందుకనే రోజుల్లో ఆమె రంగూన్ మెడికల్ కాలేజీలో చేరి ఎంబీబీఎస్ పూర్తి చేశారు.

డాక్టరుగా జీవితం మొదలయ్యే సమయానికి యుద్ధం ముంచుకొచ్చింది. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి చొచ్చుకొచ్చాయి. లక్షల మంది భారతీయులు ఉన్నదంతా వదిలి స్వదేశానికి బయలుదేరారు. పద్మావతి తల్లితో, అక్కచెల్లెళ్లతో కలిసి కోయంబత్తూరు చేరుకున్నారు. ఇంటి మగవారు బర్మాలోనే ఉండిపోయారు. యుద్ధం ముగిశాకే కుటుంబమంతా మళ్లీ ఒకచోట కలిసింది.

గుండె చదువు కోసం మూడు దేశాలు

1949లో ఆమె పై చదువులకు లండన్ వెళ్లారు. గుండె వైద్యం అప్పుడప్పుడే ఒక ప్రత్యేక శాఖగా రూపుదిద్దుకుంటోంది. అంతవరకు గుండె జబ్బుల్ని సాధారణ వైద్యులే చూసేవారు. నాడి, స్టెతస్కోప్, ఎక్స్‌రే, ఈసీజీ, ఇవే వారి ఆయుధాలు. పద్మావతి లండన్‌లోని నేషనల్ హార్ట్ హాస్పిటల్‌లో పనిచేశారు. ఆపై స్వీడన్ వెళ్లి స్టాక్‌హోమ్‌లో కార్డియాలజీ కోర్సులు చదివారు.

అక్కడి నుంచి అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌కు ఫెలోషిప్ మీద వెళ్లారు. ఆమె గురువు హెలెన్ టాసిగ్. పిల్లల గుండె వైద్యానికి పునాది వేసిన వారిలో టాసిగ్ ముఖ్యురాలు. పుట్టుకతోనే గుండె నిర్మాణంలో లోపం ఉండి, రక్తానికి చాలినంత ఆక్సిజన్ అందక ఒళ్లు నీలంగా మారే పసిబిడ్డలను అప్పట్లో 'బ్లూ బేబీలు' అనేవారు. వారికి వైద్యం లేదనే అనుకునేవారు. ఊపిరితిత్తులకు మరింత రక్తం చేరేలా ఒక దారి కల్పిస్తే ఆ బిడ్డలు బతుకుతారని టాసిగ్ ఆలోచించారు. సర్జన్ ఆల్ఫ్రెడ్ బ్లాలాక్, ఆయన ప్రయోగశాల సహాయకుడు వివియన్ థామస్ ఆ ఆలోచనను శస్త్రచికిత్సగా మలిచారు. 1944 నవంబరులో తొలి ఆపరేషన్ జరిగింది. టాసిగ్‌కు వినికిడి శక్తి బాగా తగ్గిపోయింది. అందుకే పసివారి ఛాతీ మీద చేతివేళ్లు ఆనించి గుండె తీరును పసిగట్టడం అలవరచుకున్నారు.

1952లో పద్మావతి హార్వర్డ్ చేరి పాల్ డడ్లీ వైట్ దగ్గర పనిచేశారు. గుండె జబ్బు వచ్చాక చికిత్స చేయడంతో సరిపెట్టుకోకుండా, అది రాకుండా చూడాలని జీవితమంతా ప్రచారం చేసిన వైద్యుడాయన. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు 1955లో గుండెపోటు వచ్చినప్పుడు చికిత్స చేసినదీ ఆయనే. రోగిని ఓపికగా పరిశీలించే టాసిగ్ పద్ధతి, జబ్బు మూలాన్ని జనజీవనంలో వెతికే వైట్ పద్ధతి, రెండూ పద్మావతి తర్వాతి పనిలో కనిపిస్తాయి.

ఢిల్లీలో గుండెకు ఒక క్లినిక్

1953లో ఆమె భారతదేశానికి తిరిగొచ్చారు. అప్పటి కేంద్ర ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ ప్రోత్సాహంతో ఢిల్లీలోని లేడీ హార్డింజ్ మెడికల్ కాలేజీలో అధ్యాపకురాలిగా చేరారు. ఆడపిల్లలు వైద్యం చదువుకోవడానికి 1916లో మొదలైన కాలేజీ అది. దానికి అనుబంధంగా ఉన్న ఆసుపత్రికి వచ్చే రోగులు ప్రధానంగా స్త్రీలు, పిల్లలు.

మరుసటి ఏడాదే ఆమె అక్కడ గుండె జబ్బుల క్లినిక్ ప్రారంభించారు. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఆర్థిక సాయంతో ఉత్తర భారతంలో తొలి క్యాథటరైజేషన్ ప్రయోగశాలను ఏర్పాటు చేశారు. నేడు మనం వాడుకగా 'క్యాథ్ ల్యాబ్' అంటున్నది అదే. స్టెంట్ వేయించుకున్న బంధువు దాదాపు ప్రతి ఇంట్లో ఉన్న ఈ రోజుల్లో ఆ మాట మనకు కొత్త కాదు. అప్పట్లో మాత్రం అది సరికొత్త విద్య.

జర్మనీకి చెందిన యువ వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్ 1929లో తన చేతి సిరలోంచి సన్నని గొట్టాన్ని గుండె దాకా పంపుకుని, అలాగే నడిచి వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు. సజీవంగా కొట్టుకుంటున్న గుండెలోకి గొట్టం పంపవచ్చని అలా రుజువైంది. ఆ పద్ధతిని ఆండ్రే కూర్నాన్, డికిన్సన్ రిచర్డ్స్ శాస్త్రీయంగా అభివృద్ధి చేశారు. ముగ్గురికీ కలిపి 1956లో నోబెల్ బహుమతి దక్కింది. అంటే ఆ పనికి నోబెల్ రాకముందే అలాంటి ప్రయోగశాల ఢిల్లీలోని ఒక మహిళా వైద్య కళాశాలలో పనిచేయడం మొదలైంది.

క్యాథటర్ గుండె గదుల్లో, రక్తనాళాల్లో పీడనం ఎంత ఉందో నేరుగా చెబుతుంది. మనం మొదలుపెట్టిన కార్ పల్మొనాలే కథకు ఈ పీడనమే కీలకం.

కుడి గుండె ఎందుకు అలసిపోతుంది?

గుండె ఒక్కటే అయినా అందులో రెండు పంపులు ఉన్నాయనుకోవచ్చు. ఎడమవైపు పంపు రక్తాన్ని తల నుంచి కాలి వేళ్ల దాకా తోయాలి. అందుకు దానికి సుమారు 120 మిల్లీమీటర్ల పాదరస పీడనం కావాలి. కుడివైపు పంపు పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు రక్తాన్ని పంపితే చాలు. దానికి 25 మిల్లీమీటర్లు సరిపోతుంది. అందుకే కుడి జఠరిక గోడ పలచగా ఉంటుంది. బరువులు మోయడానికి తయారైనది కాదది.

ఊపిరితిత్తుల్లో ఏదైనా ఒక మూలకు గాలి సరిగా అందకపోతే అక్కడి చిన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తం గాలి బాగా అందే భాగాలకు మళ్లుతుంది. ఇది శరీరం చేసుకున్న మంచి ఏర్పాటు. కానీ ఏళ్ల తరబడి పొగ పీల్చడం వల్ల ఊపిరితిత్తులు మొత్తంగా దెబ్బతింటే, అన్నిచోట్లా రక్తనాళాలు ముడుచుకుంటాయి. క్రమంగా వాటి గోడలు మందమవుతాయి. ఆ ఇరుకు దారుల్లోకి రక్తాన్ని తోయడానికి కుడి జఠరిక ఎక్కువ బలం పెట్టాలి. మొదట దాని కండరం మందంగా పెరుగుతుంది. తర్వాత గది సాగుతుంది. చివరికి చేతులెత్తేస్తుంది. ముందుకు వెళ్లలేని రక్తం వెనక్కి నిలిచిపోతుంది. కాళ్ల వాపు, కాలేయం వాపు, మెడ సిరల ఉబ్బు, అన్నీ ఆ నిలిచిపోయిన రక్తం గుర్తులే.

127 మంది రోగులు చెప్పిన సంగతి

పద్మావతి, ఆమె సహచరుడు పాఠక్ కలిసి ఢిల్లీలో 127 మంది కార్ పల్మొనాలే రోగులను పరిశీలించారు. ఆ అధ్యయనం 1959లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పత్రిక 'సర్క్యులేషన్'లో వచ్చింది. ఈ అంశం మీద ఢిల్లీలో వారు జరిపిన పనిలో తేలిన లెక్కలు ఆలోచింపజేసేవి. మగవారిలో సుమారు 75 శాతం మందికి పొగతాగే అలవాటు ఉంది. ఆడవారిలో అలాంటివారు 10 శాతమే. అయినా జబ్బు ఇద్దరిలోనూ ఇంచుమించు సమానం. పైగా ఆడవారికి ఇది మగవారి కంటే 10 నుంచి 15 ఏళ్ల ముందుగానే వస్తోంది.

ఆడవారికి మాత్రమే, అదీ చిన్న వయసు నుంచే తగులుతున్న పొగ ఏదై ఉంటుంది? జవాబు ప్రతి ఇంట్లోనూ ఉంది. పిడకలు, కట్టెలు, పుల్లలు వేసి వండే పొయ్యి. పొగ గొట్టం లేని చిన్న వంటగది. మంట అందుకోవడానికి ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు వంగి కూర్చునే ఇల్లాలు. ఆడపిల్లలు పదేళ్లు దాటగానే ఆ పని అందుకునే రోజులవి. రోజుకు కొన్ని గంటలు, ఏడాదికి 365 రోజులు, దశాబ్దాల పాటు ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి వెళుతూనే ఉంటుంది.

ఇంకో విశేషం. ఈ జబ్బు ఉత్తరాది రాష్ట్రాల్లో కంటే దక్షిణాదిన తక్కువగా కనిపించింది. చలి ఎక్కువగా ఉండే ఉత్తరాదిలో తలుపులు మూసుకుని వండుకుంటారు. వెచ్చగా ఉండే దక్షిణాదిలో గాలి ఆడే చోట వండుకుంటారు కనుక పొగ బయటికి పోతుందని పరిశోధకులు వివరించారు. వంట ఒకటే, పొయ్యి ఒకటే. తలుపు తెరిచి ఉందా, మూసి ఉందా అన్నది గుండె మీద ప్రభావం చూపుతోందన్నమాట.

ఆసుపత్రికి వచ్చిన రోగులను బట్టి చేసిన అధ్యయనం ఒక్కటే కారణాన్ని సంపూర్ణంగా నిరూపించదు. ఆ రోజుల్లో వంటగది పొగను కొలిచినవారూ లేరు. ఆ ఖాళీలు తర్వాత నెమ్మదిగా పూరించబడ్డాయి. 1980ల్లో కిర్క్ స్మిత్ బృందం గుజరాత్ గ్రామాల్లో వంట చేసే మహిళలు పీల్చే గాలిలోని ధూళికణాలను కొలిచింది. అదే దశకంలో నేపాల్ వైద్యుడు మృగేంద్ర రాజ్ పాండే పొయ్యి దగ్గర గడిపే సమయానికీ, దీర్ఘకాలపు శ్వాసకోశ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించారు. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటి లోపలి పొగను ప్రపంచంలోని ప్రధాన ఆరోగ్య ముప్పుల్లో ఒకటిగా లెక్కిస్తోంది. 2020లో దీనివల్ల సుమారు 32 లక్షల మంది మరణించారని దాని అంచనా. ఆ మాటను ముందుగా వైద్య సాహిత్యంలోకి తెచ్చిన వాటిలో ఢిల్లీ అధ్యయనం ఒకటి.

గొంతునొప్పితో మొదలయ్యే గుండె జబ్బు

ఆ కాలంలో గుండె వైద్యులను వేధించిన మరో సమస్య రుమాటిక్ గుండె జబ్బు. తెలుగులో దీనికి కారణమైన జ్వరాన్ని కీళ్లవాత జ్వరం అంటారు. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల పిల్లలకు గొంతునొప్పి వస్తుంది. అది నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. రెండు మూడు వారాలు గడిచాక కొందరికి జ్వరం వచ్చి, మోకాళ్లు, మడమలు వాస్తాయి. బాక్టీరియా మీద పోరాడటానికి పుట్టిన రోగనిరోధక శక్తి పొరపాటున సొంత గుండె కవాటాల మీద పడుతుంది. కీళ్ల వాపు తగ్గిపోతుంది. గుండె కవాటాలకు పడిన దెబ్బ మిగిలిపోతుంది.

అలా దెబ్బతిన్న మైట్రల్ కవాటం క్రమంగా బిగుసుకుని, తలుపు సగమే తెరుచుకున్నట్లు అవుతుంది. చిన్న వయసులో శరీరం దాన్ని ఎలాగో నెట్టుకొస్తుంది. గర్భం దాల్చినప్పుడు ఒంట్లో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం వరకు పెరుగుతుంది. ఇరుకు కవాటం ఆ భారాన్ని తట్టుకోలేక అప్పుడే జబ్బు బయటపడుతుంది. చిన్నప్పటి గొంతునొప్పి ప్రసవ సమయంలో ప్రాణం మీదికి తేవడమంటే ఇదే.

కిక్కిరిసిన ఇళ్లలో ఈ బాక్టీరియా ఒకరి నుంచి ఒకరికి సులువుగా పాకుతుంది. కాబట్టి ఇది పేదరికంతో ముడిపడిన జబ్బు. మందు మాత్రం ఖరీదైనది కాదు. గొంతునొప్పికి సమయానికి పెన్సిలిన్ ఇస్తే కీళ్లవాత జ్వరం రాకుండా ఆపవచ్చు. ఒకసారి వచ్చినవారికి మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి ఇస్తే కవాటాలు మరింత పాడవకుండా కాపాడవచ్చు. మన దేశంలో రుమాటిక్ జబ్బు ఎంతమందికి ఉంది, రక్తనాళాలు పూడుకుపోయి వచ్చే గుండె జబ్బు ఎంతమందికి ఉంది అన్న అంశాల మీద పద్మావతి 1962లో 'సర్క్యులేషన్'లోనే వరుస వ్యాసాలు ప్రచురించారు. సమస్య ఎంత పెద్దదో తెలియకుండా దాన్ని ఎదుర్కోలేమన్నది ఆ పని వెనుక ఉన్న ఆలోచన.

ఆసుపత్రి గోడలు దాటి

అదే 1962లో ఆమె ఆలిండియా హార్ట్ ఫౌండేషన్‌ను స్థాపించారు. గుండె జబ్బుల నివారణ, ప్రజల్లో అవగాహన దాని లక్ష్యాలు. 1966లో ఐదో ప్రపంచ కార్డియాలజీ మహాసభ న్యూఢిల్లీలో జరిగినప్పుడు ప్రధాన కార్యదర్శిగా ఆ బాధ్యతను మోశారు. పాశ్చాత్య దేశాల గుండె నిపుణులు పెద్దసంఖ్యలో వచ్చి, ఇక్కడి గుండె జబ్బుల తీరు వేరని స్వయంగా వినే అవకాశం అలా కలిగింది.

1967లో మౌలానా ఆజాద్ మెడికల్ కాలేజీకి డైరెక్టర్-ప్రిన్సిపాల్ అయ్యారు. ఇర్విన్, జి.బి. పంత్ ఆసుపత్రుల బాధ్యత కూడా ఆమెదే. గుండె వైద్యంలో డీఎం కోర్సును అక్కడ ప్రవేశపెట్టారు. గుండెపోటు వచ్చినవారిని ప్రత్యేకంగా కనిపెట్టి చూసే కొరొనరీ కేర్ యూనిట్‌ను నెలకొల్పారు. గుండెపోటు వచ్చిన తొలి గంటల్లో గుండె లయ తప్పడం వల్లే చాలామంది ప్రాణాలు పోతాయి. అలాంటి రోగిని మానిటర్ ముందు ఉంచి, లయ తప్పగానే సరిచేయడమే ఆ యూనిట్ పని. నేడు జిల్లా కేంద్రాల్లోనూ ఇవి కనిపిస్తున్నాయి.

1978లో ఆమె ప్రభుత్వ ఉద్యోగం నుంచి విరమించారు. అరవై దాటిన ఆ వయసులో మరొకరైతే విశ్రాంతి తీసుకునేవారు. ఆమె 1981లో దక్షిణ ఢిల్లీలో నేషనల్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్‌ను ప్రారంభించి, తొంభై దాటాక కూడా అక్కడ రోగులను చూశారు. ఈత ఆమెకు ఇష్టమైన వ్యాయామం. తొంభైల్లోనూ ఈత కొట్టిన వైద్యురాలు నడవండి, కదలండి అని చెబితే రోగులు కాదనగలరా?

కేంద్ర ప్రభుత్వం ఆమెను 1967లో పద్మభూషణ్‌తోనూ, 1992లో పద్మవిభూషణ్‌తోనూ సత్కరించింది. 'కార్డియాలజీకి పెద్దతల్లి' అన్న అర్థంలో సహవైద్యులు ఆమెను ప్రేమగా పిలుచుకునేవారు. 2020 ఆగస్టు 29న, కోవిడ్ సోకి, తాను స్థాపించిన ఆసుపత్రిలోనే 103 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇంకా ఆరని పొయ్యి

ఆ 127 మంది రోగుల అధ్యయనం వెలువడి అరవై ఏళ్లు దాటింది. ఈ మధ్యకాలంలో వంటిళ్లు చాలా మారాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం పేద మహిళల ఇళ్లకు గ్యాస్ పొయ్యిని చేర్చింది. 2016లో కేంద్రం ప్రారంభించిన ఉజ్వల పథకం ద్వారా దేశవ్యాప్తంగా పది కోట్లకు పైగా కనెక్షన్లు అందాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శుభ్రమైన ఇంధనంతో వండుకునే ఇళ్లు 2015-16లో 43.8 శాతం ఉంటే, 2019-21 నాటికి 58.6 శాతమయ్యాయి.

అంటే ఆ సర్వే నాటికి ప్రతి పది ఇళ్లలో నాలుగు ఇంకా పొగలోనే ఉన్నాయి. గ్యాస్ ఉన్న ఇళ్లలోనూ సిలిండర్ ధరకు వెనుకాడి పప్పు ఉడికించడానికి, స్నానాలకు నీళ్లు కాచడానికి కట్టెల పొయ్యి వెలిగించడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ పొయ్యిని కనీసం ఆరుబయటకు మార్చడం, కిటికీ తెరిచి ఉంచడం, పసిపిల్లను చంకలో పెట్టుకుని పొయ్యి ముందు కూర్చోకపోవడం వంటి చిన్న జాగ్రత్తలు పొగను పూర్తిగా ఆపలేకపోయినా తగ్గించగలవు. ఇంట్లో వంట చేసే మనిషికి ఎడతెగని దగ్గు, ఆయాసం ఉంటే, పొగతాగే అలవాటు లేదు కదా అని తీసిపారేయకూడదు. పిల్లలకు గొంతునొప్పి వచ్చి తగ్గాక కీళ్లు వాస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి.

రోగి ఎదుట కూర్చోగానే డాక్టరు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటుంది: పొగతాగే అలవాటు ఉందా? ఆ ప్రశ్నకు 'లేదు' అని జవాబిచ్చిన మహిళలను పద్మావతి మరొకటి అడగవలసి వచ్చింది: వంట దేని మీద చేస్తారమ్మా? కోట్ల ఇళ్లలో ఈ రోజుకీ అడగవలసిన ప్రశ్న అది.